రజాకార్లపై ఉర్దూ కలం: షోయబుల్లాఖాన్ పత్రికారచన - ఒక పరిశీలన

1948లో విశాఖపట్నం పాఠకుడికి నిజాం రాజ్యం కబుర్లు మద్రాసు మీదుగా అందేవి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ అక్కడే అచ్చయ్యేవి. మద్రాసులో కూర్చుని నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లను ఎంత తిట్టినా, వారి నాయకుడు కాసిం రజ్వీ చెయ్యి అంతదూరం చాచలేడు. అదే మాటను హైదరాబాదులో, అందునా ఉర్దూలో రాయడం ప్రాణాలతో చెలగాటం. షోయబుల్లాఖాన్ చేసింది అదే. మన చరిత్ర రచన ఆయన చావును గౌరవంగా తలుచుకుంటుంది గానీ, ఆయన రాతను పట్టించుకున్నది తక్కువ.

1920లో పుట్టిన షోయబుల్లాఖాన్ ఉస్మానియా పట్టభద్రులు. సర్కారు కొలువుకు పనికొచ్చే ఆ చదువుతో పత్రికల్లోకి వెళ్లారు. మొదట 'తాజ్' వారపత్రిక. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'. దాన్ని నిజాం ప్రభుత్వం మూయించాక, 1947 నవంబరులో కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో సొంతంగా 'ఇమ్రోజ్' దినపత్రిక పెట్టారు. విలీనం సంగతి తేలేదాకా పాత ఏర్పాట్లే కొనసాగేలా నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నది కూడా ఆ నెల 29నే.

ఆయన ఎదిరించిన శక్తి ఎలాంటిది? రాజ్యాధికారంలో ప్రతి ముస్లింకూ వాటా ఉందని బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసింది. ఆ వాదం పేరే 'అనల్ మాలిక్'. యార్ జంగ్ 1944లో చనిపోయారు. 1946లో సంస్థ పగ్గాలు రజ్వీ చేతికొచ్చాక ఆ వాదానికి రజాకార్ల కత్తులూ తుపాకులూ తోడయ్యాయి. దీన్ని కేవలం మతకలహంగా చూసేవారు ఒక సంగతి మరిచిపోతారు: ఊళ్లలో రజాకార్లు దేశ్‌ముఖుల గడీలకు కాపు కాశారు, ఆ దేశ్‌ముఖుల్లో హిందువులే ఎక్కువ. జాతి ఆధిక్య వాదం, సాయుధ ముఠా, భూస్వాముల అండ, చూసీచూడనట్టుండే ప్రభుత్వం - ఇన్ని కలిసినదాన్ని తీవ్ర మితవాదం అనడానికి నాకు సందేహం లేదు.

పరాయివాడి తిట్టు ఇటువంటి ఉద్యమానికి ఎరువు. సొంతవాడి ప్రశ్నను మాత్రం అది భరించలేదు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని ఒక ముస్లిం సంపాదకుడు, ముస్లింలు చదివే భాషలో రోజూ రాస్తుంటే, తమ సముదాయమంతా ఒకే గొంతు అన్న రజ్వీ వాదన నిలవదు. 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా సహా ఏడుగురు ముస్లిం ప్రముఖులు విలీనం కోరుతూ ప్రకటన చేశారు. 'ఇమ్రోజ్' దాన్ని ప్రచురించింది. రజాకార్లకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికేస్తామని రజ్వీ ఆగస్టు 19న బహిరంగంగా బెదిరించాడు. 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌ను కాచిగూడ దగ్గర కాల్చి, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. వేదికపై అన్న మాట వీధిలో అక్షరాలా అమలైంది.

ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత, సెప్టెంబరు 13న భారత సైనిక చర్య. ఆ పెద్ద ఘటనల వేగంలో ఒక సంపాదకుడి తొమ్మిది నెలల కృషి వెనక్కి జరిగిపోయింది. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

సొంత భాషలో రాసి ప్రాణం పోగొట్టుకున్న మరొకరు పొరుగున బెంగళూరులో గౌరీ లంకేశ్. ఆమె ఇంగ్లీషు పత్రికల్లో చాలాకాలం పనిచేసి, 2000లో తండ్రి పోయాక ఆయన కన్నడ పత్రికకు సంపాదకురాలై, హిందూత్వ రాజకీయాలపై కన్నడంలోనే రాశారు. 2017 సెప్టెంబరు 5న ఆమెను ఇంటి ముందే కాల్చి చంపారు. నేరం ఎవరిదో తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ మాతృభాషలో, సొంత జనం మధ్య నిలబడి రాయడమన్న పోలిక మాత్రం కాదనలేనిది.

షోయబుల్లాఖాన్ రాతల్లోకి వెళ్లాలంటే ఆయన సమకాలికుల తెలుగు ఆత్మకథలు చాలవు. 'ఇమ్రోజ్'నే చదవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం పరిశోధనకు అంశం వెతుక్కునే విద్యార్థులు ఉర్దూ తెలిసినవారిని తోడు చేసుకుని, ఆ సంపాదకీయాలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకోవాలి.