ప్లేటు వెనక చోటు

ఎనిమిది కూడా కాలేదు, కొలరాడో ఎండ అప్పుడే మెడ మీద చురుక్కుమంటోంది. జులై 4 వారం. డెన్వర్‌కి తూర్పున, ఆరోరాలో ఒక పెద్ద పార్కు. టెక్సస్, కాలిఫోర్నియా, ఒహాయో, జార్జియా నంబరు ప్లేట్ల కార్లతో పార్కింగ్ నిండిపోయింది. చక్రాల బండ్ల మీద ఐస్ పెట్టెలు, మడత కుర్చీలు, గుడారాలు వేసుకుని కుటుంబాలు మైదానాల వైపు నడుస్తున్నాయి. మీరూ ఆ వరసలోనే ఉన్నారు. పక్కన మీ అమ్మాయి ఉంది, కానీ ఆమె భుజాన బ్యాట్ల సంచీ లేదు.

ఈ రోజు ఆమె ఆడదు, చూస్తుంది. ఆగస్టులో పదో తరగతికి వెళ్తుంది. సాఫ్ట్‌బాల్‌లో క్యాచర్. కాలేజీలోనూ ఆడాలని గట్టి కోరిక. డాలస్ చుట్టుపక్కల, స్కూలుతో సంబంధం లేకుండా ఆడే రెండు ట్రావెల్ టీములు ఆగస్టు ట్రయౌట్లకి రమ్మన్నాయి. రెండూ ఈ వారం, కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే ఇక్కడి షోకేస్‌లో ఆడుతున్నాయి. అందుకే అంత దూరం కారు నడుపుకుని వచ్చారు. ఇదంతా అక్కర్లేదని ఇంట్లో అన్నారు. అక్కర ఉంది. ట్రయౌట్‌లో టీము మీ అమ్మాయిని చూస్తుంది. టీమును మీరు చూడగలిగేది ఇక్కడే.

నాలుగేసి మైదానాల హోమ్ ప్లేట్లు ఒక్కో కూడలి వైపు ఉంటాయి. ఆ కూడలిలో పందిరి, పందిరి కింద కాలేజీ కోచ్‌లు. ఛాతీ మీద కాలేజీ గుర్తున్న చొక్కా, ఒళ్లో కాగితాలు, చేతిలో స్టాప్‌వాచ్, కొందరి దగ్గర రాడార్ గన్. కుర్చీ కాస్త తిప్పుకుంటే ఇంకో ఆట కనిపిస్తుంది. స్కూలు ఆటలకి వీళ్లు రాలేరు. కాలేజీ సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, ఓక్లహోమా సిటీలో జరిగే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌తో జూన్‌లో ముగుస్తుంది. చాలా రాష్ట్రాల్లో హైస్కూలు సీజను కూడా అప్పుడే. వాళ్లకి తీరిక దొరికేసరికి మైదానాల్లో ట్రావెల్ టీములే ఉంటాయి. మీ అమ్మాయి ఏ టీములో ఉంటుందన్న దాన్ని బట్టే ఆమెను ఎవరు చూస్తారన్నది చాలావరకు తేలిపోయేది ఇందుకే.

కాఫీ కప్పుతో ఒక కోచ్ మీ ముందునుంచి వెళ్తుంది. ఆ చొక్కా గుర్తుపట్టి మీ అమ్మాయి మీ మోచెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. కోచ్ చిన్నగా తలూపి వెళ్లిపోతుంది, ఒక్క మాటా మాట్లాడదు. అది పొగరు కాదు. పదకొండో తరగతి ఏడాది సెప్టెంబరు 1 వచ్చేదాకా డివిజన్ 1 కోచ్‌లు అమ్మాయితో రిక్రూటింగ్ మాట ఎత్తకూడదు. కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ 2018లో సాఫ్ట్‌బాల్‌కి ఈ నియమం తెచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలు సైతం ఫలానా కాలేజీకే వస్తామని నోటిమాట ఇచ్చేసేవాళ్లు. పదమూడేళ్ల పిల్ల చదువుని అంత తొందరగా తేల్చేయడం అన్యాయం, ఆ నియమం రావడం మంచిదయింది. మీ అమ్మాయికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆమె వాళ్లకి ఈమెయిలు రాయొచ్చు. వాళ్లు చూడొచ్చు, రిక్రూటింగ్ గురించి జవాబు మాత్రం ఇవ్వకూడదు. ఈ పద్నాలుగు నెలలూ ఆమె తరఫున మాట్లాడేది ఆమె ఆటే.

మూడో నంబరు మైదానం, 16యూ, అంటే పదహారేళ్ల లోపు వాళ్ల ఆట. మొదటి టీము. చొక్కా మీద పేరు చూస్తే దేశంలో ఏ సాఫ్ట్‌బాల్ తల్లయినా గుర్తుపడుతుంది. అదే పేరుతో చాలా రాష్ట్రాల్లో టీములున్నాయి. ఒక్కో దానికి ఒక్కో కోచ్, ఒక్కో స్థాయి, ఉమ్మడిగా ఉన్నది పేరు మాత్రమే. ఇక్కడున్నది వాటిల్లో గట్టిదే. పిచ్చర్ చెయ్యి వెనక్కి లేచి, పూర్తి చుట్టు తిరిగి, నడుము పక్కనుంచి బంతి వదులుతుంది. ప్లేటు 43 అడుగుల దూరంలో ఉంది. బ్యాటర్‌కి దొరికేది అర సెకను కన్నా తక్కువ. పందిరి కింద రాడార్ గన్లు ఒక్కసారిగా లేస్తాయి. 62, మళ్లీ 62, ఆ తర్వాత 63.

"అమ్మా, ఆ రైజ్ బాల్ చూశావా! నేను పట్టాలి దాన్ని."

మీ అమ్మాయి కంచెకి ముక్కు ఆనించి నిలబడింది. ఆమె చూపు పిచ్చర్ మీద లేదు, ప్లేటు వెనక కూర్చున్న అమ్మాయి మీద ఉంది. ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ సెకండ్‌కి పరుగు తీసింది. క్యాచర్ చేతికి బంతి తగిలిన చప్పుడు, లేచి విసరడం, దాదాపు 85 అడుగుల అవతల గ్లవ్‌లో పడ్డ చప్పుడు. పందిరి కింద స్టాప్‌వాచ్‌లు క్లిక్కుమన్నాయి. ఆ రెండు చప్పుళ్ల మధ్య వ్యవధినే పాప్ టైమ్ అంటారు. రెండు సెకన్ల లోపు వస్తే తలెత్తి చూస్తారు, 1.8 దగ్గరికొస్తే కాగితం మీద పెన్ను కదులుతుంది. ఇప్పుడు కదిలింది. ఆ కోచ్ వచ్చింది పిచ్చర్ కోసం. కానీ పిచ్చర్‌ని చూస్తున్నంతసేపూ క్యాచర్ కూడా కళ్లముందే ఉంటుంది. బంతి బంతికీ ఆమె చేతులు, కాళ్లు, పిచ్చర్ తడబడినప్పుడు ఆమె లేచి వెళ్లి చెప్పే రెండు మాటలు, అన్నీ కనిపిస్తాయి. క్యాచర్‌కి మంచి పిచ్చర్ దొరకడం కన్నా అదృష్టం లేదు.

నాలుగో ఇన్నింగ్స్‌లో క్యాచర్ మారింది. ఆరో ఇన్నింగ్స్‌కి మూడో అమ్మాయి లెగ్ గార్డులు కట్టుకుంటోంది. మీరు చేతిలో ఉన్న రోస్టర్ కాగితం మడత విప్పుతారు. కోచ్‌ల కోసం వేసింది అది, కంచె దగ్గర ఎవరో మీకూ ఒకటి ఇచ్చారు. జెర్సీ నంబరు, పేరు, స్థానం, హైస్కూలు పూర్తయ్యే ఏడాది, మార్కులు. ముగ్గురు క్యాచర్లు. అందులో ఇద్దరిది మీ అమ్మాయి గ్రాడ్ ఇయరే. కాలేజీ కోచ్‌లు జట్టును ఏడాదుల లెక్కన కట్టుకుంటారు. ఫలానా ఏడాదికి ఒక క్యాచర్ కావాలి అనుకుని వస్తారు. అదే ఏడాదికి ముగ్గురిని ఒకే టీములో చూస్తే, వాళ్లు ఎంచుకోవడానికి సౌకర్యమే. మీ అమ్మాయికి మాత్రం కాదు.

"బంగారం, ఇక్కడ నువ్వు నాలుగోదానివి."

"తెలుసమ్మా, లెక్కపెట్టాను."

మధ్యాహ్నం పడమటి కొండల మీంచి నల్లమబ్బు దిగింది. కొలరాడో వేసవిలో ఇది మామూలే. సైరన్ మోగగానే మైదానాలన్నీ క్షణాల్లో ఖాళీ అయిపోయాయి. చివరి మెరుపు తర్వాత అరగంట గడిస్తే తప్ప ఆట మొదలవదు. ఇంకో మెరుపు మెరిస్తే ఆ అరగంట మళ్లీ మొదటినుంచీ లెక్క. మీరు కారులో కూర్చున్నారు. పక్క కారు అద్దం దిగింది.

"తెలుగువాళ్లేనా?"

ఆవిడ ఇక్కడే ఉంటారట. చిన్నమ్మాయి 14యూలో ఆడుతోంది, పెద్దమ్మాయి కాలేజీలో. మీ సంగతి వినగానే వాన జల్లు లెక్కచేయకుండా వచ్చి మీ వెనక సీట్లో కూర్చున్నారు.

"పెద్దదాన్ని మూడేళ్లు ఓ పెద్ద టీములో ఉంచామండీ. పేరు చొక్కా మీద, పిల్ల బెంచీ మీద. వందమంది కోచ్‌లు వచ్చారు, నిజమే. వాళ్లకి కనబడింది మా అమ్మాయి నీళ్ల సీసాలు అందించడం."

"మరి కాలేజీ ఎలా వచ్చిందక్కా?"

"చివర్లో మార్చాం. చిన్న టీము, ప్రతి ఆటా ఆడింది. ఆ కోచ్ కూర్చోబెట్టి, నీ స్థాయి ఇదీ, ఈ కాలేజీలకి రాయి అని మొహమాటం లేకుండా చెప్పాడు. డివిజన్ 3 వాళ్లకి రాసింది. వాళ్లయితే ముందునుంచే జవాబివ్వొచ్చు కదా."

"డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదంటారే?"

"ఆటకి ఉండదు. మా అమ్మాయికి చదువుకి వచ్చింది. ఎంఐటీ, ఎమరీ సాఫ్ట్‌బాల్ ఆడేది డివిజన్ 3లోనే, తెలుసా? మనవాళ్లు డివిజన్ 1 అంటే పూర్తి ఫీజు మాఫీ అనుకుంటారు."

ఆవిడ చెప్పింది నిజం. 2025 వరకు డివిజన్ 1 జట్టుకి 12 స్కాలర్‌షిప్‌లు మించకూడదన్న పరిమితి ఉండేది, వాటినే ఇరవై మంది దాకా ముక్కలుగా పంచుకునేవాళ్లు. ఎన్‌సీఏఏ మీద నడిచిన దావాలో 2025 జూన్ నాటి కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయింది, బదులుగా జట్టులో 25 మంది మించకూడదన్న హద్దు వచ్చింది. ఇప్పుడు అందరికీ ఇవ్వొచ్చు, ఇచ్చి తీరాలని మాత్రం లేదు. పైగా ఆ పాతికలో కొన్ని చోట్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో వేరే కాలేజీల నుంచి వచ్చేవాళ్లకి పోతున్నాయి. హైస్కూలు పిల్లకి మిగిలే చోట్లు తగ్గాయి. ఇలాంటప్పుడు ఒక్క డివిజన్ 1 కలనే పట్టుకుని టీమును ఎంచుకోవడం పిల్లకి మేలు చేయదని నా గట్టి నమ్మకం.

"ఏం అడగాలక్కా వాళ్లని?"

"కాలేజీలకి వెళ్లిన పిల్లల జాబితా చూపిస్తారు, గర్వంగా. వాళ్లు ఎన్నేళ్లు ఆ టీములో ఆడారో అడగండి. ఒక్క వేసవి వచ్చి ఆడినవాళ్లని కూడా కలిపేసుకుంటారు కొందరు. అందులో క్యాచర్లు ఎంతమందో అడగండి. ఏ డివిజన్‌కి వెళ్లారో అడగండి. ఆ కాలేజీలో నిలబడ్డారా, ఏడాదికే వచ్చేశారా, అది కూడా. ఫీజు గురించి నన్నడక్కండి. ఎక్కడైనా వేల డాలర్లే, విమానాలూ హోటళ్లూ వేరే."

సైరన్ మళ్లీ మోగింది. ఆవిడ దిగిపోతూ కిటికీ దగ్గర ఆగారు. "డగౌట్ పక్కన కూర్చోండి. ప్లేటు వెనక కాదు. కోచ్ మాటలు వినబడాలి."

ఏడో నంబరు మైదానం. రెండో టీము. మట్టి ఇంకా తడిగా ఉంది. ఇక్కడి పందిరి కింద అయిదారుగురే ఉన్నారు. పొద్దున చూసిన ఇరవైమందిలో ఒకరో ఇద్దరో. మీ మనసు కాస్త కుంగుతుంది. దాన్ని దాచుకోనక్కర్లేదు, ఆ తేడా నిజమైన తేడానే. పిచ్చర్ వేగం అంత లేదు, 57, 58. కానీ అదే చేతి ఊపుతో, నెమ్మదిగా వచ్చే చేంజప్ వేసేసరికి బ్యాటర్ ముందే తిప్పేసి మోకాలి మీద కూర్చుండిపోయింది. రోస్టర్ చూస్తారు. ఆ పిచ్చర్‌ది మీ అమ్మాయి గ్రాడ్ ఇయరే. క్యాచర్ వచ్చే నెల పన్నెండో తరగతికి వెళ్తుంది, 18యూకి మారిపోతుంది. రెండో క్యాచర్‌గా రాసిన అమ్మాయి నిజానికి థర్డ్ బేస్‌లో ఆడుతోంది.

మీరు డగౌట్ పక్క కంచె దగ్గర కూర్చున్నారు. షార్ట్‌స్టాప్ కాళ్ల మధ్యనుంచి బంతి జారిపోయింది. కోచ్, నలభై దాటిన ఆవిడ, బకెట్ మీదనుంచి లేవలేదు. "తర్వాతి బంతి నీకే వస్తుంది, చూసుకో" అంది అంతే. మూడు బంతుల తర్వాత నిజంగానే అటే వచ్చింది, ఈసారి పట్టేసింది.

అయిదో ఇన్నింగ్స్‌లో ఒక కొత్త చొక్కా వచ్చి పందిరి కింద కూర్చుంది. కోచ్ అటు ఒకసారి చూసి, డగౌట్‌లోకి తల తిప్పింది. బెంచీ చివర కూర్చున్న ఒక పొట్టి అమ్మాయితో అంది: "నువ్వు రాసిన కాలేజీ వచ్చింది. హెల్మెట్ పెట్టుకో." షోకేస్‌లో గెలుపోటములు ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఎవరిని ఎప్పుడు దించాలన్నది చాలావరకు కోచ్ ఇష్టం. ఆ పిల్ల ఎడమచేతి బ్యాటర్. బంతిని నేలకి కొట్టి, కొడుతూనే పరుగు అందుకుంది. ఫస్ట్ బేస్‌కి చేరే లోపల పందిరి కింద స్టాప్‌వాచ్ ఆగింది, పెన్ను కదిలింది.

మీ అమ్మాయి మీ వైపు తిరిగింది. "అమ్మా, ఎవరు ఏ కాలేజీకి రాశారో కోచ్‌కి గుర్తుంది."

నా మటుకు నాకు ఒక టీములో వెతకాల్సింది ఇదే. ఇరవై చొక్కాలు పందిరి కింద ఉండటం గొప్పే. ఒక్క చొక్కా వచ్చినప్పుడు అది ఎవరికోసమో తెలిసిన మనిషి డగౌట్‌లో ఉండటం అంతకన్నా గొప్ప.

ఆగస్టు వచ్చింది. డాలస్ వేడిలో రెండు ట్రయౌట్లూ అయిపోయాయి. అక్కడ కొత్తగా తెలిసిందేమీ లేదు. రెండు టీములూ రమ్మన్నాయి.

మొదటి కోచ్ ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు. రేపు ఈపాటికల్లా జవాబు కావాలన్నాడు. ఎన్ని ఇన్నింగ్స్ ప్లేటు వెనక ఉంటుందని మీరు అడిగారు. "పోటీపడి సంపాదించుకోవాలి, నలుగురున్నారు" అన్నాడు. అది నిజాయితీ గల జవాబే. పోటీలో పడి రాటుదేలే పిల్లలుంటారు. అలాంటి పిల్లకి ఆ టీమే సరైనది కావచ్చు కూడా. రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయి ఆ మాటే పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఆ రైజ్ బాల్ ఇంకా ఆమె మనసులోంచి పోలేదు.

రెండో కోచ్‌కి మీరే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు. మా అమ్మాయి ఏ స్థాయి కాలేజీలో ఆడగలదనుకుంటున్నారు అని సూటిగా అడిగారు.

"ఈ రోజు ఉన్నట్టుగా అయితే మంచి డివిజన్ 3, కొన్ని డివిజన్ 2. పాప్ టైమ్ ఇప్పుడు రెండు మీద కొంచెం. ఏడాదిలో అది 1.9కి దిగి, బ్యాటింగ్ నిలబడితే చిన్న డివిజన్ 1 జట్లకీ రాయిస్తాను. మార్కులు చూశాను. ఐవీ లీగ్ వాళ్లు ఆటకి డబ్బివ్వరు కానీ మార్కులు చూస్తారు, ఆ జాబితా కూడా పెట్టుకుందాం. ఇంకోటి. మా ఆటలకి కోచ్‌లు గుంపులుగా రారు. తను ప్రతి షోకేస్‌కీ ముందు ముప్పై ఈమెయిళ్లు రాయాలి, వీడియోతో సహా. రాయకపోతే నేను చేయగలిగింది తక్కువ."

మీ అమ్మాయి ఫోన్ ముందుకి జరిగింది. మీ వైపు చూడలేదు, అడగలేదు.

"రాస్తాను కోచ్. ఆ చేంజప్ వేసే అమ్మాయికి మళ్లీ ప్రాక్టీస్ ఎప్పుడు? నేను వచ్చి పట్టొచ్చా?"