ఫలక్‌నుమా: గాదె లేని ఇటలీ ఇల్లు

"ఈ ఇల్లు ఎవరిది సార్?" అని మా పదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. నాగర్‌కర్నూల్ నుంచి పిల్లలను విజ్ఞానయాత్రకని హైదరాబాదు తీసుకువెళ్ళిన రోజది. చార్మినారుకు అయిదు కిలోమీటర్ల దూరాన, గుట్ట మీద ఫలక్‌నుమా కనిపిస్తూ ఉంది. "నిజాంది" అన్నాను. అది సగం జవాబే.

కట్టినవాడు నిజాం కాదు. పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా. నిజాం కోసం సైన్యాన్ని పోషించే షరతు మీద జాగీర్లు అనుభవించిన వంశం అది. 1884 మార్చి 3న పునాది వేస్తే, కట్టడమూ అలంకరణా పూర్తికావడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. నమూనా గీసినవాడు మారెట్ అనే ఇంగ్లీషువాడు. పాలరాయి ఇటలీది. గ్రంథాలయపు పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయానికి అనుకరణ. భోజనాల బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. ముందుభాగం ఇటలీ పద్ధతిలో స్తంభాలతో, మెట్లతో అతిథిని ఆహ్వానిస్తుంది. జనానా మహల్ మాత్రం వెనక, దక్షిణాన ఉంది. ముఖం ఐరోపాది, కాపురం దక్కనుది. మన తొలినాటి నవలల్లో ఇంగ్లీషు చదివిన జమీందారు పాత్రలకు కూడా ఇదే కట్టడం కదా!

ఈ స్తంభాల వెనక ఒక కథ ఉంది. పదహారో శతాబ్దంలో వెనిస్ ధనిక కుటుంబాలు భూముల మీద పెట్టుబడి పెట్టినప్పుడు, వాళ్ళకు పల్లెల్లో ఇళ్ళు కట్టిపెట్టినవాడు పల్లాడియో. అవి వ్యవసాయపు ఇళ్ళు. నడుమ యజమాని నివాసం. రెండువైపులా చాచిన స్తంభాల వసారాల వెంట ధాన్యపు కొట్లు, పనిముట్లు, పశువుల పాకలు. యజమాని తన గదిలోంచి పంటనూ చూడగలడు, పాలేరునూ చూడగలడు. అదీ దోపిడీయే, కాకపోతే కళ్ళెదుటి దోపిడీ. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు ప్రభువులు ఈ నమూనాను తమ దేశానికి తెచ్చుకున్నారు. స్తంభాలు వచ్చాయి, గాదెలు రాలేదు. అక్కడినుంచి అది కంపెనీ దొరల వెంట మన దేశానికి దిగింది. 1803 ప్రాంతంలో హైదరాబాదు కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఆ కోవలోదే. ఎనభై ఏళ్ళ తర్వాత ఫలక్‌నుమా. ఇక్కడా రెక్కలు చాచి ఉన్నాయి. వాటిని తేలు కొండెలతో పోలుస్తారు. ఆ రెక్కల్లో మాత్రం గింజ లేదు. పండించినవాడు ఎక్కడో జాగీరు పల్లెలో ఉన్నాడు. ఆ పంట శిస్తుగా మారి, పాలరాయిగా గుట్టెక్కింది. వాస్తుశాస్త్రం చెప్పే అందచందాలను నేను కాదనను. ఈ ప్రయాణాన్ని చెప్పని వర్ణన మాత్రం నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

ఇక యాజమాన్యం. 1890లు ముగిసేలోగా ఇల్లు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్ళింది. నిజాం ముచ్చటపడితే వికారుల్ ఉమ్రా కానుకగా సమర్పించుకున్నాడని ఒక కథ. కట్టడానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకుని వదులుకున్నాడని ఇంకో కథ. కొలువు మర్యాదలో ఈ రెండూ ఒకటే కావచ్చు. కప్పుల మీద, సామాను మీద చెక్కించుకున్న అతని పేరు పొడి అక్షరాలు మాత్రం చెరగలేదు. మహబూబ్ అలీఖాన్ 1911లో ఆ ఇంట్లోనే మరణించాడు. తర్వాత అది అతిథిగృహం. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దిగారు. ఆపైన చాలాకాలం తాళాలు. కౌలుకు తీసుకున్న తాజ్ సంస్థ 2010లో దాన్ని హోటలుగా తెరిచింది.

ఇళ్ళన్నిటికీ ఇదే గతి పట్టలేదు. మా పక్కనే వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది, నెహ్రూ ప్రారంభించారు. మా బడిలో చదివిన రైతుకూలీల పిల్లలు కొందరు అక్కడ డిప్లొమా చేశారు. కోఠీ రెసిడెన్సీ మహిళా కళాశాల అయింది, ఆపైన విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. కోసిన పంటను దొర ఎత్తుకుపోకుండా నిలబడిన మనిషి పేరు, గాదె లేని ఇంటికి! ఈ మార్పు ఏ చెక్కడంలోనూ కనిపించదు గనుక మన చరిత్రకారులు దీన్ని వాస్తుచరిత్రలో చేర్చరు. సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి రాజుల వెనకనున్న జనం వైపు చూడమన్నా, ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ మనం గుమ్మం ముందే ఆగిపోతున్నాం.

ఆ రోజు నా జవాబు విన్న పిల్లవాడు కాసేపాగి, "మా నాయిన బొంబాయిల ఇసొంటియే కడ్తడు సార్. అయిపోయినంక లోపల్కి రానియ్యరంట" అన్నాడు. తండ్రి గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వలసపోయిన పాలమూరు కూలీ. నేనేమీ అనలేకపోయాను. మేమూ కింది రోడ్డు మీదినుంచే చూసి బస్సెక్కాం.