పిల్లల చేతిలో అచ్చు అక్షరం: ఫ్రెనే బడి నేర్పే పాఠం

బాలసాహిత్యం గురించి మనం జరిపే చర్చల్లో ఒక లోపం తరచు కనిపిస్తుంది. పిల్లల కోసం ఏం రాయాలి, ఏ భాషలో రాయాలి, ఏ విలువలు చెప్పాలి అని ప్రశ్నించుకుంటాం. పిల్లలు తామే ఏం రాస్తారు, దాన్ని ఎవరు అచ్చువేస్తారు, ఎవరు చదువుతారు అన్నది మాత్రం మనకు ప్రశ్నగానే తోచదు. ప్రకృతినీ చిత్రకళనూ చేతిపనినీ బడిలోకి తేవాలని అందరూ అంటారు. ఆచరణలో అవి శనివారం మధ్యాహ్నపు కాలక్షేపంగా మిగిలిపోతాయి. అది కాలక్షేపం కాదనీ, అక్షరం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న అందులో ఉందనీ చూపించిన ఒక పల్లెటూరి పంతులు చరిత్రను ఇక్కడ పరిశీలించదలిచాను.

సెలెస్టాన్ ఫ్రెనే 1896లో దక్షిణ ఫ్రాన్సులోని గార్స్ అనే కొండపల్లెలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి 1917లో ఊపిరితిత్తులకు తీవ్రగాయమై బయటపడ్డాడు. 1920లో బార్-స్యూర్-లూ అనే ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా చేరేనాటికి, గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే శక్తి ఆయనకు లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని తరగతి గది నుంచి బయటికి నడిచాడు. పొలాలు, ఏటి ఒడ్డు, ఊళ్లోని చేతిపనివాళ్ల కొట్లు పాఠాలయ్యాయి. తిరిగి వచ్చాక చూసినదాన్ని పిల్లలు చెబుతుంటే నల్లబల్ల మీద రాసేవాడు.

ఆయన పద్ధతికి గాయమే మూలమని కొందరంటారు. అది సగం నిజం. యుద్ధంలో గాయపడిన ఉపాధ్యాయులు ఫ్రాన్సులో ఎందరో ఉన్నారు, వారందరూ ఫ్రెనేలు కాలేదు. గాయం ఒక సందర్భం మాత్రమే. చదువు పేదవాడి బిడ్డకు పరాయిదిగా ఎందుకు ఉంది అని ఆయన వేసుకున్న ప్రశ్న అసలు కారణం. ఆయన కమ్యూనిస్టు; 1925లో ఉపాధ్యాయ ప్రతినిధి బృందంతో సోవియట్ యూనియన్‌కు వెళ్లివచ్చినవాడు.

నల్లబల్ల మీద రాసిన ఆ మాటలు సాయంత్రానికి చెరిగిపోయేవి. మర్నాడు మళ్లీ ఎక్కడో ఎవరో రాసిన పాఠ్యపుస్తకం తెరవాలి. ఈ వైరుధ్యానికి పరిష్కారంగా 1924 ప్రాంతంలో ఫ్రెనే ఒక చిన్న చేతి అచ్చుయంత్రాన్ని బడికి తెచ్చాడు. పిల్లలు తమకు తోచింది రాస్తారు. చదివి వినిపిస్తారు. అందరూ కలిసి ఒకదాన్ని ఎన్నుకుంటారు, దిద్దుకుంటారు. ఒక్కొక్క సీసపు అక్షరాన్ని ఏరి, తలకిందులుగా పేర్చి, సిరా పూసి అచ్చు తీస్తారు. లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి పక్కన చేరుస్తారు. ఫ్రెనే సహచరి ఎలీజ్ స్వయంగా చిత్రకారిణి. పిల్లల చిత్రకళ ఈ ఉద్యమంలో అంత బలంగా నిలవడానికి ఆమే కారణం.

ఇక్కడ శ్రమకూ కళకూ చదువుకూ మధ్య గోడ లేదన్నది గమనించాలి. అక్షరదోషం ఇక్కడ పంతులు గీసే ఎర్రగీత కాదు. పదిమందీ చదవబోయే కాగితం మీద కనపడే తప్పు. దాన్ని సవరించాలన్న పట్టుదల పిల్లవాడికే పుడుతుంది. ఆ కాగితాలను బ్రిటనీ తీరంలోని ట్రెగుంక్‌లో రెనె డానియెల్ నడిపే బడికి పంపేవారు. అక్కడి నుంచి సముద్రం గురించిన కాగితాలు వచ్చేవి. కొండ ప్రాంతపు పిల్లలకు భూగోళం ఉత్తరంగా అందింది. రాసేవాడికి నిజమైన పాఠకుడు దొరికాడు. రచయితలమైన మనకు ఈ మాట విలువ వేరే చెప్పాలా?

ఈ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు మన గిడుగు రామమూర్తి గుర్తుకొచ్చారు. పర్లాకిమిడిలో సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టి చెప్పించిన మనిషి ఆయన. వాడుక భాషా ఉద్యమాన్ని మనం సాహిత్య చరిత్రగా చదువుకుంటాం. బడిలో పిల్లవాడి నోటిమాటకు చోటుందా లేదా అన్న ప్రశ్న అందులో ఉందని మరచిపోతాం. గిడుగు ఆ మాటను వాచకంలోకి తెచ్చారు. ఫ్రెనే మరో అడుగు వేసి వాచకాన్నే పిల్లవాడి చేత రాయించాడు.

ఆ అడుగుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1928లో ఫ్రెనే సెయింట్ పాల్ అనే ఊరి బడికి మారాడు. అక్కడ ఒక పిల్లవాడు తనకొచ్చిన కల రాశాడు. బడి సామగ్రి ఇవ్వని మేయరు మీద తరగతి తిరగబడినట్టు కల. అదీ అచ్చయింది. 1932 చివర ఊరి గోడల మీద ఫ్రెనేకు వ్యతిరేకంగా పోస్టర్లు వెలిశాయి. మితవాద పత్రికలు రచ్చ చేశాయి. మరుసటి ఏడు ఆ బడి నుంచి ఆయన్ని తప్పించారు. పూలమీద, పిట్టలమీద రాసినంతకాలం ముద్దొచ్చిన పిల్లల రాత, మేయరు ప్రస్తావన రాగానే నేరమైంది! 1935లో వాన్స్ దగ్గర ఆయన సొంతంగా బడి తెరిచాడు. అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన స్పెయిన్ పిల్లలకు అందులో ఆశ్రయమిచ్చాడు. 1940లో ప్రభుత్వం ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది.

మనం ఇబ్బంది పడవలసిన ఘట్టం మరొకటుంది. 1950 నుంచి ఫ్రెనేను తీవ్రంగా విమర్శించినవారిలో ఫ్రెంచి కమ్యూనిస్టు మేధావులున్నారు. విషయాన్ని వదిలి పద్ధతికి పెద్దపీట వేశాడనీ, పిల్లల సహజస్ఫూర్తిని అతిగా నమ్మాడనీ వారి ఆరోపణ. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పిల్లవాడు తాను పుట్టిన సమాజపు దురభిప్రాయాలనూ రాస్తాడు. దాన్ని చర్చకు పెట్టే ఉపాధ్యాయుడి దృక్పథం లేకుంటే పద్ధతి ఒక్కటే ఎవరినీ విముక్తం చేయదు. కానీ సరైన విషయాన్ని మనమే నిర్ణయించి పిల్లల నోట పలికించడం కూడా పాత వాచకం చేసిన పనే. రంగు మాత్రం మారుతుంది.

ఈ మాట నన్ను నేను మినహాయించుకుని అనడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదో తరగతికి ‘మా ఊరి చెరువు’ మీద వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు నాలుగే వాక్యాలు రాశాడు. సెరువుల నీళ్లు లేవని, ప్లాట్ల రాళ్లు పాతిండ్రని, వాళ్ల నాయిన పట్నం కూలికి పోయిండని. నేను ‘సెరువు’ను ఎర్రసిరాతో ‘చెరువు’ చేశాను. తామరపూలేవని అడిగాను. పదికి నాలుగు వేశాను. తర్వాతి వ్యాసం వాడు గైడు చూసి తామరపూలతో సహా దించాడు. తొమ్మిది వేశాను. ఆ తర్వాత వాడు తన మాట ఒక్కటి కూడా నాకు రాసివ్వలేదు.

ఫ్రెనే 1966లో మరణించాడు. వాన్స్ బడిని 1991లో ఫ్రెంచి ప్రభుత్వమే తీసుకుంది. ఒకనాడు వెలివేసిన పద్ధతికి దక్కిన గుర్తింపది. కానీ గుర్తింపు పొందిన ప్రతిదీ పదును కోల్పోయే ప్రమాదముంది. బడితోటలూ బొమ్మలూ మిగిలి, మేయరు మీద కల రాసే హక్కు పోతే ఫ్రెనేలో మిగిలేదేమీ లేదు.

పిల్లల రచనల సంకలనాలు వేసేటప్పుడు మనం ముందుగా తీసివేసే వాక్యమేదో ఒకసారి చూసుకుందాం. మన అభ్యుదయానికి పరీక్ష ఆ వాక్యం దగ్గరే ఉంది.