మంచె మీద తుపాకీ

1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్‌ను నిదానంగా చదివితే అందులో ఒక రైతు కనిపిస్తాడు. పంటను కాపాడుకోవడానికి, గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీ కావాలని నిజాయితీగా అడిగితే, వేరే అనర్హత ఏదీ లేనప్పుడు లైసెన్సు ఇవ్వాలంటుంది ఆ సెక్షన్. పిస్తోలు, రివాల్వరు అడిగేవాళ్ళు మాత్రం తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించుకోవాలి. చేనికి కావలసిన తుపాకీ వేరు, పట్నం మనిషి నడుముకు కట్టుకునే తుపాకీ వేరు అని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెలకు ఈ తేడా చట్టం పుట్టకముందు నుంచే తెలుసు.

పాలెగాళ్ళ కాలంలో ఈ సీమలో తుపాకీ అంటే కావలి. ఊరికీ చేనికీ దారికీ కాపలా కాసినందుకు పాలెగాడు ఊళ్ళ నుంచి కావలి రుసుము వసూలు చేసేవాడు. అతని కింద పనిచేసే కట్టుబడి బంట్రోతులకు జీతం బదులు మాన్యం ఉండేది. పంట రోజుల్లో నాగలి పట్టినవాడే పిలుపు రాగానే కత్తో, బల్లెమో, వత్తి అంటించి పేల్చే తుపాకో పట్టుకుని బయల్దేరేవాడు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు పెట్టుకున్న పని ఈ బలగాలను చెదరగొట్టడమే. ఆయన లెక్క ప్రకారం దత్తమండలాల్లో పాలెగాళ్ళు 80 మంది. మాట విన్నవాళ్ళకు భరణం ఇచ్చారు, విననివాళ్ళ మీదికి సైన్యాన్ని పంపారు. అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మదనపల్లె ఈ ఏర్పాటు కిందికే వచ్చింది. పుంగనూరు, కుప్పం వైపు కంగుంది పాలేలు మాత్రం కంపెనీకి పేష్కష్ కట్టి, జమీన్లుగా మారి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా నిలిచాయి.

కావలి హక్కు పోయింది. కాపలా అవసరం మాత్రం చేనిలోనే ఉండిపోయింది. నా దృష్టిలో ఈ ప్రాంతపు తుపాకీ చరిత్రంతా ఆ ఖాళీ చుట్టూనే తిరుగుతుంది.

లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1878 ఆయుధాల చట్టం తెల్లవాళ్ళకు మినహాయింపు ఇచ్చి, మనవాళ్ళ చేతిలో లైసెన్సు కాగితం పెట్టింది. అప్పుడు గొంతెత్తింది పట్నాలే. 1887లో మద్రాసులో కూడిన కాంగ్రెసు మహాసభ, ఆ చట్టంవల్ల జనం పడుతున్న ఇబ్బందులనూ వాళ్ళ విధేయతపై అది వేసిన మచ్చనూ ఎత్తిచూపుతూ తీర్మానం చేసింది. ప్లీడర్లకూ పత్రికలవాళ్ళకూ తుపాకీ ఆత్మగౌరవం. 1930లో గాంధీ ప్రభుత్వం ముందు పెట్టిన 11 కోరికల్లోనూ, ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ప్రజల అదుపులో ఇవ్వాలన్నది ఒకటి. మరుసటి ఏడాది కరాచీ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఆ హక్కు కోసం పట్టుబట్టారు. సభ ఒప్పుకోలేదు. అప్పటికే దేశ విభజన నెత్తురు చూసిన సభ అది. దాని నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను.

బెంగళూరు నుంచి ఈ అడవులకు వచ్చిన తుపాకీ ఇంకో రకం. వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన పుస్తకంలో మన చామల లోయ మనుషుల్ని తినే పులి కథ రాశారు. పట్నం దొర రైఫిలుతో రావడం, పల్లె జనం దారి చూపడం ఆ కాలపు షికారు కథల్లో మామూలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ షికారు ముగిసింది. పట్నంవాళ్ళు కోల్పోయింది ఒక సరదాను. పల్లెవాళ్ళకు అదే చట్టం చేను మీదికొచ్చింది. అడవిపందిని అనుమతి లేకుండా చంపితే కేసు. కానీ పంది ఎవరి అనుమతీ అడగదు. చెనిక్కాయ ఊరే రోజుల్లో గుంపు ఒక్క రాత్రి పడితే తెల్లారేసరికి సాళ్ళన్నీ తిరగబడి ఉంటాయి. పొట్టు, వేళ్ళు, తొక్కిన తీగ తప్ప ఏమీ మిగలదు. రైతు మంచె మీద టార్చిలైటుతో, ఒడిసెలతో, డబ్బా మోతతో రాత్రిళ్ళు గడపాలి.

ఏనుగులు రావడంతో ఈ కాపలా ఇంకా బరువెక్కింది. 1980ల నడుమ హోసూరు వైపు నుంచి ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి నిలదొక్కుకున్నాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా ఒప్పుకోకుండా కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వకూడదు. ఆయుధాల చట్టం ఒక చేత్తో ఇచ్చిన పంట తుపాకీ, అది ఎక్కువ అవసరమైన ఊళ్ళోనే ఇలా దూరమైంది. ఏనుగు ముందు ఆ తుపాకీ ఎందుకూ పనికిరాదన్నది వేరే సంగతి. పక్క కర్ణాటకలో కొడగు ప్రాంతపు కొడవలకు బ్రిటిషు కాలం నాటి లైసెన్సు మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది. మన వైపు అలాంటిదేమీ లేదు.

దాంతో చేలల్లోకి నాటు తుపాకీ వచ్చింది, ఉచ్చు వచ్చింది, కంచెకు కరెంటు తీగ వచ్చింది. నాటు తుపాకీ ఎప్పుడు ఎదురుపేలి చేయి కాలుస్తుందో పేల్చేవాడికే తెలియదు. చీకట్లో పొద కదిలితే పందో మనిషో తేలేలోపే రవ్వలు వెళ్ళిపోతాయి. తీగ అంతకన్నా క్రూరమైనది. అది ఏనుగునూ చంపుతుంది, పక్క చేనికి నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషినీ చంపుతుంది.

పట్నంలో తుపాకీ మాట వస్తే జనానికి గుర్తొచ్చేది పంది కాదు. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక కార్యాలయంలోనే మేయరు కఠారి అనురాధను కాల్చి చంపారు. ఆ రోజు నుంచి ఈ జిల్లా పట్నాల్లో తుపాకీ అంటే పగ. 2019 సవరణ ఒక్కరి దగ్గర ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, వేడుకల్లో గాల్లోకి కాల్చడాన్ని నేరం చేసింది. ఆ నియమాలు పుట్టింది పట్నపు భయం నుంచి, ఆ భయం న్యాయమైనదే. అమెరికాలోనూ ఈ చీలిక ఉంది. 2017లో ప్యూ సంస్థ సర్వేలో పల్లె పెద్దల్లో 46 శాతం మంది సొంత తుపాకీ ఉందన్నారు, నగరాల్లో 19 శాతమే. అదే ఏడాది కాన్సాస్‌లోని ఒలేతలో ఒక తెలుగు ఇంజనీరు బారులో తూటాకు బలయ్యాక అక్కడి మనవాళ్ళు ఈ లెక్కను భయంగానే చదివి ఉంటారు.

మన పల్లె రైతు మాట అమెరికా పల్లె మాటలా హక్కు మాట కాదు. అతను అడిగేది చేనికి కాపలా. ఆ కాపలా ఇవ్వాల్సింది ప్రభుత్వమే. 2023 జులైలో టమాటా కిలో 200 రూపాయల దరిదాపుకు ఎగబాకినప్పుడు మదనపల్లె వైపు రైతులు దొంగల భయంతో రాత్రంతా తోటల్లోనే కాపలా పడుకున్నారు. ఇక ఏనుగుల విషయానికొస్తే, 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరమడానికి తర్ఫీదు పొందిన ఏనుగులు, వచ్చాయి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. మంచి అడుగే, కానీ నాలుగు ఏనుగులు ఇన్ని ఊళ్ళకు కాపలా కాయలేవు.

నాటు తుపాకీ దాచుకున్న రైతన్నలు దాన్ని స్టేషనులో ఇచ్చేయాలి. పొలానికి కరెంటు తీగ చుట్టడం ఈ రోజే మానాలి. అటవీ, రెవెన్యూ అధికారులు కూడా పంట పోయిన వారంలోగా చేనికి వచ్చి నష్టం రాసుకోవాలి, తర్వాతి దుక్కి మొదలయ్యేలోగా పరిహారం రైతు ఖాతాలో వేయాలి.