ప్లాస్మాలో సంలీన రేటు – అయస్కాంత క్షేత్రం

వేడి ప్లాస్మాలో సంలీన రేటును నిర్ణయించేవి రెండు: ఇంధన అయాన్ల సాంద్రత, ఉష్ణోగ్రతను బట్టి మారే చర్యాశీలత. ఈ రేటు సూత్రంలో అయస్కాంత క్షేత్రం కనిపించదు. అది కణం దారిని వంచుతుంది గానీ శక్తిని పెంచదు, కేంద్రకాల మధ్య వికర్షణనూ తగ్గించదు. హైడ్రోజన్ పరమాణువు రూపాన్ని మార్చడానికే రెండు లక్షల టెస్లాలకు పైగా కావాలి. కేంద్రకం సంగతి చెప్పనక్కర్లేదు.

క్షేత్రం పని ప్లాస్మాను పట్టి ఉంచడం. పది కోట్ల డిగ్రీలకు పైబడిన వేడిలో డ్యుటీరియం అయాన్ సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పోతుంది. 5 టెస్లాల క్షేత్రంలో అదే అయాన్ సుమారు 4 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో చుట్లు తిరుగుతుంది కాబట్టి గోడను వెంటనే తాకదు.

ఎంత ప్లాస్మాను పట్టి ఉంచగలమన్నదే కీలకం. ప్లాస్మా పీడనానికీ క్షేత్ర పీడనానికీ ఉన్న నిష్పత్తి బీటా. టోకమాక్ అనే వలయాకార సంలీన యంత్రంలో ఇది కొద్ది శాతం దాటితే ప్లాస్మా అస్థిరమవుతుంది. క్షేత్ర పీడనం క్షేత్ర బలం వర్గాన్ని అనుసరిస్తుంది. డ్యుటీరియం–ట్రిటియం ప్లాస్మాలో, పనికొచ్చే ఉష్ణోగ్రతల దగ్గర, సంలీన శక్తి పీడనం వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే బీటా మారకుండా క్షేత్రం రెట్టింపైతే ఘనపు మీటరుకు వచ్చే శక్తి 16 రెట్లవుతుంది. ఫ్రాన్స్‌లోని ఐటర్ టోకమాక్ క్షేత్రం 5.3 టెస్లాలు, వలయపు పెద్ద వ్యాసార్ధం 6.2 మీటర్లు; అమెరికాలోని స్పార్క్‌ను 12.2 టెస్లాలతో 1.85 మీటర్లకు కుదించారు. ఐటర్ లక్ష్యం 500 మెగావాట్లు. పాత కరీంనగర్ జిల్లాలోని రామగుండం ఎన్‌టీపీసీలోని కొన్ని యూనిట్లలో ఒక్కోదాని సామర్థ్యమూ అంతే, కానీ రామగుండానిది కరెంటు, ఐటర్‌ది వేడి. గాంధీనగర్ దగ్గరి ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్‌ను 3 టెస్లాలకు రూపొందించారు.

ఇంధనంలో సగమైన డ్యుటీరియం మామూలు నీటిలోనే ఉంటుంది, ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున. గోదావరి తీరాన మణుగూరు కర్మాగారం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో నీటి నుంచి డ్యుటీరియం ఉన్న భారజలాన్ని వేరుచేస్తుంది. అది ప్రధానంగా విచ్ఛిత్తి రియాక్టర్లకే వెళ్తుంది.

లేజర్ సంలీనంలో క్షేత్రం మరో రకంగా తోడ్పడుతుంది: ఎలక్ట్రాన్లు వేడిని బయటికి మోసుకుపోకుండా అడ్డుకుంటుంది. అమెరికా జాతీయ ఇగ్నిషన్ కేంద్రంలో డ్యుటీరియం వాయు గుళికకు 26 టెస్లాల క్షేత్రం జోడించగా ఉష్ణోగ్రత సుమారు 40 శాతం, న్యూట్రాన్ల దిగుబడి మూడు రెట్లు పెరిగాయి. ఇక్కడా చర్య మారలేదు, వేడి మిగిలిందంతే. చర్య సంభావ్యతనే మార్చే దారి కేంద్రకాల స్పిన్‌లను క్షేత్రం వెంట వరుసపరచడం. దాంతో డ్యుటీరియం–ట్రిటియం రేటు 50 శాతం దాకా పెరగవచ్చని సిద్ధాంతం.