జాగీరు బండి తోక ఎవరు కోశారు?

మా ఖాందాన్‌లో ఎవరిదైనా షాదీకి బయలుదేరితే మనుషులు ఎక్కడం ముష్కిల్ కాదు, సామాన్ ఎక్కించడమే ముష్కిల్. సూట్‌కేసులు, దుల్హన్ జోడా పెట్టె, మిఠాయి డబ్బాలు, దారిలో తినడానికి తోషాదాన్, అమ్మీ ప్రాణం పోయినా వదలని పాన్‌దాన్. డిక్కీ నిండిపోయాక మిగిలినవన్నీ ఒళ్లోకి వస్తాయి. కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా ఒక దేగ్చీని మోకాళ్ల మీద పెట్టుకుని వెళ్లినవాణ్ని నేను. కారు డిక్కీ ఇంత చిన్నదిగా ఎందుకుంటుంది అనే సవాల్ ఆ సఫర్‌లోనే నా దిమాగ్‌లో పడింది. జవాబు కోసం వెళితే పెద్ద తవారీఖే బయటపడింది. అందులో నవాబులున్నారు, కారీగర్లున్నారు, మహసూల్ వేసే హుకూమత్‌లున్నాయి. చివరికి మన నిజాం రియాసత్ నగరం కూడా ఒకటుంది.

సామాన్ కోసమే పుట్టిన కారు జాతి ఒకటుంది. పైకప్పు వెనక సీటు దగ్గర వంగిపోకుండా చివరిదాకా సాగుతుంది. వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. సీటు మడిస్తే మంచమంత చోటు. జర్మన్లు దాన్ని కోంబి అంటారు. అమెరికన్లు స్టేషన్ వ్యాగన్ అంటారు, ఎందుకంటే రైలు స్టేషన్ నుంచి ముసాఫిర్లనీ, వాళ్ల పెట్టెలనీ ఇళ్లకు చేర్చడం దాని మొదటి నౌకరీ. ఇంగ్లీషువాళ్లు ఎస్టేట్ అంటారు. ఎస్టేట్ అంటే మన భాషలో జాగీరే. పల్లెల్లో వందల ఎకరాల జాగీర్లున్న దొరలు షికార్‌కి వెళ్లేటప్పుడు తుపాకులు, కుక్కలు, నౌకర్లు, కొట్టిన పిట్టలు వేసుకోవడానికి చెక్క బాడీ బండ్లు కట్టించుకునేవారు. అంటే ఈ బండి నసల్ జాగీర్దారీ నసల్. దొర కూర్చునే బండి వేరు. ఇది దొరగారి సామాన్ బండి.

1929లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ ఏ మీద చెక్క బాడీ వ్యాగన్ అమ్మడం మొదలెట్టింది. 1949లో ప్లిమత్ సబర్బన్ పూర్తి ఇనుప బాడీతో వచ్చింది. 1953లో స్వీడన్‌లో వోల్వో ఒక బండి తెచ్చి దానికి డ్యూయెట్ అని పేరు పెట్టింది. వారమంతా దుకాణం సామాన్ మోసేదీ, ఆదివారం బాల్‌బచ్చాలను షికారుకి తీసుకెళ్లేదీ ఒకే బండి అన్నది దాని మతలబు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో మోరిస్ మైనర్ ట్రావెలర్ వచ్చింది. జాగీరు బండి అలా మామూలు మాస్టరు ఇంటి ముందు, చిన్న తాజిరు ఇంటి ముందు ఆగింది. నాకు ఈ తవారీఖ్‌లో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇప్పుడు చెక్ దేశం వెళ్దాం. వాక్లావ్ క్లెమెంట్ అనే పుస్తకాల వ్యాపారి తన సైకిల్ చెడిపోతే, తయారు చేసిన జర్మన్ కంపెనీకి తన మాదరీ జబాన్ చెక్‌లో ఉత్తరం రాశాడు. జవాబు కావాలంటే మాకు అర్థమయ్యే భాషలో రాయి అని తిప్పి పంపారు. ఆయన గైరత్ దెబ్బతింది. వాక్లావ్ లారిన్ అనే మెకానిక్‌తో కలిసి సైకిళ్ల దుకాణం పెట్టాడు. సైకిళ్ల తర్వాత మోటార్ సైకిళ్లు, తర్వాత కార్లు. ఆ దుకాణమే 1925లో స్కోడాలో కలిసింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, దఫ్తర్‌లో ఇంగ్లీషు నడిపే మనలాంటివాళ్లకి ఆ ఉత్తరం బాధ ఒకరు చెప్పాలా!

స్కోడా 1961 నుంచి 1971 దాకా ఆక్టేవియా కోంబి అనే బుల్లి ఎస్టేట్ చేసింది. అప్పుడు దేశంలో కమ్యూనిస్టు హుకూమత్. తర్వాత కాలంలో పశ్చిమ యూరప్‌లో స్కోడా పేరు చెబితే జనం మజాక్ చేసేవారు. 1989లో ఆ హుకూమత్ పోయింది. 1991లో ఫోక్స్‌వ్యాగన్ వచ్చి చెయ్యి కలిపింది. జర్మన్ జబాన్ రాయలేదని అవమానం పడిన దుకాణం చివరికి జర్మన్ కంపెనీ నీడలోకే చేరిందంటే కిస్మత్ ఎలాంటిదో చూడండి. 1996లో కొత్త ఆక్టేవియా, 1998లో దాని కోంబి వచ్చాయి. ఆ కోంబిలో 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ కూడా పెట్టారు. 150 హార్స్‌పవర్. 2002లో అదే ఇంజిన్‌ని 180 దాకా లాగి ఆర్‌ఎస్ కోంబి అన్నారు. దేగ్చీలు మోసే బండి రేసు గుర్రంలా పరుగెత్తింది.

ఈ టర్బో అనే హునర్ ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంజిన్‌కి పెట్రోల్ ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. పెద్ద ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, ఎక్కువ బలం ఇస్తుంది, ఎక్కువ తాగుతుంది. పైగా కాలిన పొగతో పాటు చాలా తాకత్ సైలెన్సర్ గుండా వృథాగా పోతుంది. 1905లో ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి అనే స్విస్ ఇంజినీరు పోయే ఆ పొగతోనే ఒక చక్రం తిప్పుదామన్నాడు. అదే ఇరుసు మీద రెండో చక్రం. అది బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. విడిచిన సాన్స్‌తో కొత్త సాన్స్ లోపలికి తోయడమన్నమాట. అన్నం వార్చిన గంజి కూడా పారబొయ్యని మా నానీ లాంటి కిఫాయత్ ఇది. అమల్లోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో ఓడల డీజిల్ ఇంజిన్లకు పెడితే బలం 40 శాతం పెరిగింది.

పెట్రోల్ కారుతో మాత్రం పేచీ వచ్చింది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడెక్కిన గాలీ పెట్రోలూ కలిస్తే వేళకు ముందే పేలి ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అంటారు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ టర్బోతో వచ్చింది. నాకింగ్ రాకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని విడిగా ఒక సీసాలో పోయాలి. జనం పోయడం మరిచిపోయేవారు. చివరికి కంపెనీయే చాలామంది బండ్లకు టర్బో తీసి మామూలు కార్బురేటర్ బిగించింది. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. అదే ఏడాది అరబ్ దేశాలు తేల్ ఆపడంతో పెట్రోల్ కరువొచ్చింది. 1,672 బండ్లతో దాని కథ ముగిసింది.

టర్బోకి ఇంటి తమీజ్ నేర్పింది స్వీడన్‌లోని సాబ్ కంపెనీ. 1977లో చూపించి 1978లో అమ్మిన సాబ్ 99 టర్బోలో చిన్న టర్బో పెట్టారు. అది తక్కువ వేగంలోనే తిరగడం మొదలెడుతుంది. ఒత్తిడి హద్దు మీరితే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని మిగిలిన పొగను పక్కదారి పట్టిస్తుంది. రేసులకి కాకుండా రోజూ దఫ్తర్‌కి వెళ్లేవాడికి టర్బో ఇవ్వాలన్నది వాళ్ల ఖయాల్. తర్వాత నాకింగ్‌ని చెవి పెట్టి వినే సెన్సర్ కూడా పెట్టారు. 1980ల ఆరంభంలో వోల్వో తన 240 ఎస్టేట్‌కి టర్బో ఇచ్చింది. 1994లో ఆడి, పోర్షే కలిసి ఆర్‌ఎస్2 అవాంట్ అనే ఎస్టేట్ చేస్తే అది 315 హార్స్‌పవర్ ఇచ్చింది.

ఇక్కడిదాకా ఇంజినీర్ల హునర్. ఇక్కణ్ణుంచి ఖానూన్ కథ.

అమెరికాలో 1975లో మైలేజ్ ఖానూన్ చేశారు. అది కార్లకి సఖ్త్‌గానూ, లైట్ ట్రక్కులకి మెత్తగానూ ఉంది. స్టేషన్ వ్యాగన్ కారు లెక్కలోకొచ్చింది. 1983 చివర్లో వచ్చిన క్రిస్లర్ మినీవ్యాన్, ఆ తర్వాత వచ్చిన ఎస్‌యూవీలు ట్రక్కు లెక్కలోకెళ్లాయి. షౌక్ మారడం ఒక వజహ్ అయితే ఈ లెక్క ఇంకో వజహ్. రెండూ కలిసి పెద్ద అమెరికన్ వ్యాగన్‌ని మ్యూజియంకి పంపాయి.

యూరప్ ఖానూన్ వేరే దారి పట్టింది. 2009లో చేసిన నియమం ప్రకారం 2015 నాటికి కంపెనీ అమ్మే కొత్త కార్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకి 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదు. వాళ్లు బండి పొడవు అడగలేదు, పొగ అడిగారు. పొగ తగ్గాలంటే చిన్న ఇంజిన్ కావాలి. చిన్న ఇంజిన్ ఖాందాన్ మొత్తాన్ని లాగాలంటే టర్బో కావాలి. 2013 ఆక్టేవియా కోంబి పొడవు 4.66 మీటర్లు, డిక్కీ 610 లీటర్లు, సీట్లు మడిస్తే 1,740 లీటర్లు. అంత బండిని 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ 140 హార్స్‌పవర్‌తో హాయిగా లాగింది. ప్రయోగశాలలో చూపించిన మైలేజ్ సడక్ మీద రాలేదన్న షికాయత్ ఈ చిన్న టర్బోల మీద ఉంది, అది నిజమే. అయినా తోక బతికింది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ ఇంజిన్ల పరీక్షల్లో చేసిన దగా బయటపడ్డాక యూరప్‌లో డీజిల్ ఇజ్జత్ పోయి, టర్బో పెట్రోల్ ఎస్టేట్‌కి గిరాకీ ఇంకా పెరిగింది.

మరి మన దగ్గర? స్కోడా 2001లో హిందుస్తాన్‌లో మొదటి కారుగా ఆక్టేవియానే తెచ్చింది. ఎక్కడ కట్టిందంటే ఔరంగాబాద్‌లో. హబ్షీ గులాంగా వచ్చి వజీర్ అయిన మలిక్ అంబర్ వేసిన నగరం అది. మన ఆసఫ్‌జాహీలకి హైదరాబాద్ కంటే ముందు దారుల్ హుకూమత్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఇప్పుడు దాని పేరు కూడా మార్చేశారు. చెక్ గైరత్‌తో పుట్టిన బండి నిజాం గడ్డ మీద బిగించబడిందని తెలిసినప్పుడు నాకు అజీబ్ ఖుషీ కలిగింది. 2004లో టర్బో పెట్రోల్ ఆర్‌ఎస్ కూడా ఇక్కడ అమ్మారు, కానీ కోంబి రూపంలో కాదు.

మనవాళ్లు ఎస్టేట్‌ని అసలు చూడలేదని కాదు. 1990లలో టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలేనో ఆల్టూరా, 2004లో టాటా ఇండిగో మరీనా వచ్చాయి. మా మొహల్లాలోకి అలాంటి బండి ఒకటి వస్తే ఒక బుజుర్గ్ చూసి, 'ఇదేంటి, జనాజా గాడీలా ఉంది' అన్నారు. ఆ మాట విన్నాక ఎవరు కొంటారు? పైగా మన ఖాందాన్‌లకి సామాన్ చోటు కంటే మనుషుల చోటు ముఖ్యం. ఎనిమిది మందిని కూర్చోబెట్టే క్వాలిస్ ఉండగా ఎస్టేట్ ఎందుకు? కాబట్టి ఇన్‌సాఫ్‌గా చెప్పాలంటే మొదటి దెబ్బ బజారుదే.

తలుపుకి తాళం వేసింది మాత్రం ఖానూన్. 2006 బడ్జెట్‌లో చిదంబరం గారు చిన్న కార్ల మీద ఎక్సైజ్ 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ మించకూడదు. చవక కార్లు అందరికీ అందాలన్న నీయత్ మంచిదే. కానీ ఫలితం చూడండి. 2008లో టాటా తన ఇండిగో తోకే కోసి 4 మీటర్ల లోపుకి తెచ్చింది. ఆ తర్వాత అందరూ కత్తెర పట్టుకున్నారు. తోకే ప్రాణమైన ఎస్టేట్‌కి ఆ కత్తెర కింద బతుకెక్కడిది?

టర్బో కథ మాత్రం ఉల్టా. 1,200 సీసీ హద్దు దాటకుండా బలం కావాలంటే టర్బోయే దారి. 2017లో నెక్సాన్ 1.2 లీటర్ల టర్బోతో వచ్చింది. 2024 నవంబరులో స్కోడాయే కైలాక్ చూపించింది. 1.0 లీటర్ టర్బో, 115 హార్స్‌పవర్, పొడవు 3,995 మిల్లీమీటర్లు. హద్దుకి 5 మిల్లీమీటర్లు తక్కువ! ఆక్టేవియా కోంబి రూహ్ వచ్చింది, జిస్మ్ రాలేదు. 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ ఈ హద్దులకి లోపల 18 శాతం, బయట 40 శాతం. అంటే నా దేగ్చీకి చోటు కావాలంటే నేను అమీర్‌నని హుకూమత్ లెక్క.

యూరప్ ఖానూన్ బండి విడిచే పొగను కొలిచింది. మన ఖానూన్ టేపు పట్టుకుని బంపర్ నుంచి బంపర్ దాకా కొలుస్తోంది. బండిలో ఎంతమంది ఉన్నారు, ఎంత తాగుతుంది, ఎంత పొగ వదులుతుంది అనే సవాళ్లు ఆ టేపుకి తెలియవు. ఇంజినీర్లు వందేళ్లు మెహనత్ చేసి చిన్న ఇంజిన్‌తో పెద్ద కుటుంబాన్ని లాగే హునర్ సాధించారు. మనం ఆ హునర్ తీసుకుని చిన్న బండికే తగిలించాం. జాగీర్దారుల చేతిలోంచి జారి మామూలు మనిషి ఇంటి ముందు ఆగిన బండి, మన దేశంలో మళ్లీ అమీర్ల లెక్కలోకి పోయింది.

వచ్చే నెల మా ఖాలా మనవరాలి షాదీ. పాన్‌దాన్ అమ్మీ ఒళ్లో ఉంటుంది. దేగ్చీ మళ్లీ నా మోకాళ్ల మీదే.