తెలంగాణ సాయుధ పోరాటం: అటవీ దళాల మహిళలు

కారేపల్లి రైల్వే జంక్షన్ నుంచి ఒక లైను ఇల్లెందుకు, ఇంకొకటి కొత్తగూడేనికి వెళ్తుంది. ఈ దారుల వెంబడి గుండాల, పాల్వంచల మీదుగా గోదావరి దాకా పరుచుకున్న అడవులు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి (1946–51) చివరి ఆశ్రయమయ్యాయి. వెట్టిచాకిరి మీద, దొరల దౌర్జన్యం మీద మైదాన గ్రామాల్లో లేచిన ఉద్యమం, నిజాం పాలనను ముగించిన 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత భారత సైన్యం తాకిడికి ఇటు జరిగింది. గెరిల్లా దళాలతోపాటు ఆడవాళ్లూ వచ్చారు.

వాళ్లలో అందరికీ తెలిసిన పేరు మల్లు స్వరాజ్యం (1931–2022). ఇప్పటి సూర్యాపేట జిల్లా కర్విరాల కొత్తగూడెంలో, పరదాల చాటున ఆడవాళ్లను ఉంచే భూస్వామి ఇంట పుట్టారు. ఆంధ్ర మహాసభ పిలుపు విని, చిన్న వయసులోనే సొంతింటి ధాన్యాన్ని పాలేర్లకు పంచారు. ఉయ్యాల పాటల బాణీలో వెట్టి బతుకులను పాడి ఊళ్లను కదిలించారు. ఆ గొంతు ఆమె తుపాకీ కన్నా ముందే పనిచేసింది. దళనేతగా ఎదిగాక ప్రభుత్వం ఆమె తలకు 10,000 రూపాయలు వెల కట్టింది. గోదావరి అడవుల్లోని కోయగూడేల్లో రాజక్క పేరుతో పనిచేశారు. ఆ గూడేల మీద నిర్బంధం దారుణంగా సాగింది. దళాలకు తిండి అందకుండా చేయడానికి సర్కారు గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని శిబిరాలకు తరలించింది. ఆ కష్టాన్ని మోసిన కోయ మహిళల్లో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే.

దళంలో చేరినంత మాత్రాన పాత కట్టుబాట్లన్నీ తెగిపోలేదు. వంట, కబుర్లు మోయడం, గాయపడ్డవారికి సేవ ఎక్కువగా ఆడవాళ్ల వంతే అయ్యేవి. పెళ్లి, బిడ్డల విషయంలోనూ పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ మాటే చెల్లేది. మానుకోట ప్రాంతపు కమలమ్మ దొరగడీకి కట్టుబడిన బాంచ కుటుంబంలో పుట్టారు. అడవిలో బిడ్డను కన్నాక, దళమా బిడ్డా అన్న ప్రశ్న ఎదురైంది. ఆమె బిడ్డను వేరేవారికి ఇచ్చి దళంలోనే ఉండిపోయారు. అలాంటి ప్రశ్న ఏ మగ దళ సభ్యుడి ముందూ ఆ తీరులో నిలవలేదు.

1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. స్వరాజ్యం 1978, 1983లలో తుంగతుర్తి నుంచి గెలిచారు. మిగిలిన అనేకమందిని మాత్రం ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారు. తుపాకీ పట్టిన చేతులను పొయ్యి దగ్గరికి పంపడం వాళ్లకు జరిగిన అన్యాయమే. ఆ మాట వాళ్లే చెప్పగలిగేందుకు ముప్పై ఏళ్లు పైగా పట్టింది: స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ల జ్ఞాపకాలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. నాయకుల జ్ఞాపకాల్లో కనిపించని కమలమ్మ, స్వరాజ్యంతో సమానంగా అందులో మాట్లాడతారు.